ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్యగారు – పన్నులిచ్చువారి ధర్మము

పన్ను విధించు నధికారము ఎంత పెద్దదో, వసూలైన ద్రవ్యమును దేనికి వెచ్చించితిమో చెప్పవలసిన బాధ్యతయు నంత పెద్దది. ఏలువారు ఈ సామాన్యధర్మమును మఱచినప్పుడెల్ల దానిని జ్ఞప్తికి దెచ్చువారు ప్రజలలోనుండియే పుట్టుచుందురు. ఆంధ్రదేశమున నట్టివారిలో నగ్రగణ్యులు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. వారు దివంగతులై తొంబదియేండ్లు దాటినవి. ఆంధ్రరత్నమను బిరుదము నెఱుగనివారు లేరు. కాని ఆ బిరుదమును సార్థకము చేసిన చీరాల పేరాల పోరాటము ఏల పుట్టెనో, ఏల యోడెనో యెఱిగినవారు మాత్రము నానాటికి తగ్గుచున్నారు.

హైదరాబాదు నగరమధ్యముననున్న అమీరుపేట, పంజగుట్ట ప్రాంతముల గృహస్థులును, వర్తకులును ఏటేట ఆస్తిపన్ను చెల్లించుచు, ఆ పన్ను ఎక్కడికి పోవుచున్నదని తమలోతాము ప్రశ్నించుకొనుట మేము వినుచున్నాము. ఆ ప్రశ్న క్రొత్తది కాదు. శతాబ్దమునకు పూర్వము సముద్రతీరమున రెండు చిన్న గ్రామముల నేతగాండ్రును, రైతులును ఆ ప్రశ్ననే యడిగిరి. ప్రత్యుత్తరము రాకపోగా ఇండ్లు విడిచి ఇసుకమీద కాపురముండిరి. వారిని నడిపినవారి జీవితమును సంగ్రహముగ జెప్పి, అందుండి మనము గ్రహింపదగినదేదో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణామండలములోని పెనుగంచిప్రోలున జన్మించిరి. తండ్రి కోదండరామస్వామిగారు, తల్లి సీతమ్మగారు. పుట్టిన కొలదిదినములకే తల్లియు, పసితనముననే తండ్రియు గతించుటచే వారు బంధువుల పోషణమున పెరిగిరి. గుంటూరున చదువుకొనిరి. పిదప బాపట్ల తాలూకా కచేరీలో కొంతకాలము గుమాస్తాగిరి చేసిరి. ఈ చిన్న యుద్యోగమును వారి చరిత్రకారులు ఒక్క వాక్యముతో దాటిపోవుదురు. మాకది యంత తేలికగ దోచదు. తాలూకా కచేరీయనగా జమాబందీ జరుగు తావు. పన్ను కాగితముమీద ఎట్లు పుట్టునో, గ్రామమునకు బోయి యెట్లు పెరుగునో తెలియవలెనన్న అంతకు మించిన పాఠశాల లేదు. ముందుముందు పన్నులపోరునకు నాయకుడు కాబోవు యువకుడు ఆ దస్త్రముల నడుమ కూర్చుండుట వ్యర్థము కాలేదని మా యభిప్రాయము.

ఆ యుద్యోగమున వారి మనస్సు నిలువలేదు. 1911లో మిత్రుల తోడ్పాటుతో స్కాట్లండు దేశమునకు బోయి ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టమును బడసిరి. సీమకు బోయి వచ్చినవారు సీమదొరలవలె మారుట యా కాలమున పరిపాటి. గోపాలకృష్ణయ్యగారి విషయమున వ్యతిరేకముగ జరిగెను. అచ్చట వారికి ఆనందకుమారస్వామిగారి స్నేహము లభించెను. ఇరువురును గలసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లీకరించిరి; ఆ గ్రంథమును 1917లో అమెరికాయందలి హార్వర్డు విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. పరదేశమున చదివిన చదువు వారిని స్వదేశపు ప్రాతసంపదవైపే మరలించినది. తోలుబొమ్మలాటలు, వీథినాటకములు, భజనకూటములు – వీనిని మొరటు వినోదములని చదువుకొన్నవారు ఈసడించు దినములలో వారు వీనిని జాతి విద్యాలయములుగ నెంచిరి.

స్వదేశమునకు వచ్చినపిమ్మట రాజమహేంద్రవరమున ఉపాధ్యాయ శిక్షణ కళాశాలయందును, బందరులో ఆంధ్రజాతీయ కళాశాలయందును కొలది కాలము పనిచేసిరి. ఎచ్చటను ఎక్కువకాలము నిలువలేదు. వారు ఒకరి యాజ్ఞకు లోబడి పనిచేయు స్వభావముగలవారు కారు. మాటలో చమత్కారమెంతయో పదనును నంతయే. తుదకు చీరాల చేరి, రామభక్తియు దేశభక్తియు కలబోసి రామదండను స్వచ్ఛందసేవకదళమును నిర్మించిరి. కాషాయవస్త్రములు, రుద్రాక్షలు, నుదుట బొట్టు ధరించిన వేయిమంది సేవకులు 1921 మార్చి నెలాఖరున బెజవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘసమావేశమున లక్షలాది జనమును అదుపున నుంచిన తీరు దేశనాయకుల కాశ్చర్యము గొలిపెను.

ఇక చీరాల సంగతి. చీరాల, పేరాల జంటగ్రామములు. నేడు బాపట్ల జిల్లాలో నున్నవి. నాడు గుంటూరు మండలములోనివి. మగ్గముపై బ్రతుకు నేతగాండ్రు, చిన్నరైతులు, చిల్లరవర్తకులు అందలి జనము. అంతవరకు యూనియనుగ నుండి యేటికి సుమారు 4,000 రూపాయల పన్ను చెల్లించుచుండిరి. 1919లో మదరాసు ప్రభుత్వము ఆ రెండు గ్రామములను గలిపి పురపాలకసంఘముగ జేసెను. అంతటితో పన్నులు 40,000 రూపాయలదాక బోయెను.

ఈ యంకెలను మన పాఠకులు ఒక్క నిమిషము పరిశీలింతురుగాక. జనము పదునైదువేలకు కొంచెము మించి యుండిరి. పూర్వము అయిదుగురుగల కుటుంబమునకు సగటున ఏటికి రూపాయి పావలా పడుచుండగా, క్రొత్తయేర్పాటున పదుమూడు రూపాయలు పడసాగెను. రాబడి పదిరెట్లు పెరిగిన నేతగాడెవ్వడును చీరాలలో లేడు. మగ్గముమీది గుడ్డ ధర పెరుగలేదు. గుంటలోని నేతగాని కాలికి విశ్రాంతి రాలేదు. పెరిగినదెల్ల పన్నుచీటి మాత్రమే.

ప్రభుత్వపక్షమునను చెప్పదగిన మాటలు లేకపోలేదు. జనము పెరిగిన తావున పారిశుద్ధ్యము కావలెను, వీథులు కావలెను, దీపములు కావలెను, అంటువ్యాధులను అరికట్టు యుద్యోగులు కావలెను. ఇవి యెల్ల ద్రవ్యములేక రావు. పురపాలకసంఘము స్వపరిపాలనమునకు మెట్టనియు వారు చెప్పిరి. ఈ వాదము అసత్యము కాదు. కాని యిందొక విచిత్రమున్నది. 1919 నాటి రాజ్యాంగచట్టము ననుసరించి వచ్చిన ద్వంద్వప్రభుత్వమున స్థానిక స్వపరిపాలనశాఖ మన తెలుగువారగు పానగల్లు రాజావారి చేతికి వచ్చెను. మాకిది వలదని వేలకొలది ప్రజలు మొఱలిడుచుండగా, ఆ శాఖయే వారి నెత్తిన స్వపరిపాలనమును బలవంతముగ రుద్దవలసివచ్చెను. అడుగక యిచ్చిన స్వపరిపాలనము స్వపరిపాలన మెట్లగును? పన్ను పెద్దదగుటకంటె అడుగకుండ పెంచుటయే చీరాలవారి హృదయమును ఎక్కువ గాయపఱచినదని మేము నమ్ముచున్నాము.

గోపాలకృష్ణయ్యగారు ఆ మనోవేదన కొక రూపమిచ్చిరి. మొదట అర్జీలు, అర్జీలు నిష్ఫలమైన పిమ్మట ఎన్నికైన సభ్యుల రాజీనామాలు, ఆ పిమ్మట పన్నుల నిరాకరణము. ప్రభుత్వము జప్తులకును, కేసులకును దిగెను. పన్ను చెల్లింపనివారిలో కొందఱు చెఱసాలకు బోయిరి. వారిలో ఒక స్త్రీయు నుండెను. ఇంటి గడప దాటుటకే సంకోచించు కాలమున పురపాలకపన్ను నిమిత్తమై చెఱకు బోయిన యా తల్లి ధైర్యమును ఆంధ్రస్త్రీలోకము మఱువరాదు.

బెజవాడ సమావేశానంతరము 1921 ఏప్రిల్ 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చెను. గోపాలకృష్ణయ్యగారు వారి సలహా నడిగిరి. మహాత్ముడు రెండు మార్గములు చూపెను. శాంతము తప్పక పన్ను నిరాకరించి వచ్చిన కష్టమనుభవించుట యొకటి. పురపాలకసంఘపు హద్దులనే విడిచి వెలుపలకు బోవుట రెండవది. ఏది చేసినను తమ బలముమీదనే చేయవలెననియు, కాంగ్రెసు ధనముమీద నాధారపడరాదనియు స్పష్టము చేసెను. ఇది కఠినమైన నియమము, కాని న్యాయమైనది. ఇతరుల ఖర్చుతో పన్నులపోరు సాగించుట, ప్రజల ఖర్చుతో దుబారా చేయు ప్రభుత్వమునకు భిన్నమగు పని కాదు.

చీరాల ప్రజలు రెండవ మార్గమునే వరించిరి. ఆ వేసవిలో జరిగినది ఆంధ్రచరిత్రలో అపూర్వము. పదునైదువేల జనములో సుమారు పదుమూడువేలమంది తాతలనాటి యిండ్లకు తాళములు పెట్టి, పిల్లలను, పశువులను, మగ్గములను దీసికొని హద్దుల వెలుపల పాకలు వైచుకొని కాపురముండిరి. ఆ క్రొత్తయూరికి రామనగరమని పేరుపెట్టిరి. పురపాలకసంఘమున్నది, పన్ను చెల్లించు జనము లేదు. వీథులున్నవి, నడచువారు లేరు.

రామనగరమును గూర్చి రెండు మాటలు విశేషించి చెప్పవలసియున్నది. అది కోపముతో వెడలిన గుంపు విడిదిగాక నడచు సమాజముగ నుండెను. పెద్దలతో గూడిన పంచాయతీ యేర్పడెను. తగవులు కచేరీలకు బోక అచ్చటనే తీరుచుండెను. రామదండువారు కావలి కాచిరి. పన్ను వలదన్నవారు పాలనము వలదనలేదు. తమకు తగిన కొలతలో, తమ యూరి యాచారము ననుసరించి, తమ కన్నులయెదుట జరుగు పాలనము కావలెననిరి. గోపాలకృష్ణయ్యగారిని ప్రాతకాలపువాడనియు, వెనుకకు నడపువాడనియు నిందించినవారు లేకపోలేదు. ఉన్నదానిని నిలుపుకొనుచు, అక్కఱలేని క్రొత్తభారమును కాదనుట వెనుకకు బోవుటయైనచో, ఆ నిందను వారు సంతోషముతోనే భరించియుందురు.

ఆ వత్సరమే నవంబరులో, నిజాము రాజ్యమున నున్న మన హైదరాబాదు నగరమున ఆంధ్రజనసంఘము పుట్టెను. ఆ సంఘమును, దాని సంతతియగు ఆంధ్రమహాసభయు వెట్టిచాకిరిపై ఎలుగెత్తిన సంగతి పాఠకు లెఱుగుదురు. వెట్టియన నేమి? దేహముతో చెల్లించు పన్నుగదా! తీరమున రూపాయలరూపమునను, ఇచ్చట చెమటరూపమునను తెలుగువారు ఒక్క ప్రశ్ననే యడుగుచుండిరి.

రామనగరము పదునొకండు మాసములు నిలిచెను. ఎండ పోయి వాన వచ్చెను. వాన పోయి చలి వచ్చెను. పాకలో తడిసిన నూలు నేతకు పనికిరాదు. చేయిసాగక చిన్నకుటుంబములు అప్పులపాలయ్యెను. ఇంతలో గోపాలకృష్ణయ్యగారు గంజాము మండలములోని బరంపురమునకు బోయి, ఉపన్యసింపరాదన్న నిషేధాజ్ఞను ధిక్కరించిరి. ఒక సంవత్సరము శిక్షపడి తిరుచిరాపల్లి చెఱసాల చేరిరి. ఇచ్చట జనమునకు దారి చూపువారు లేకపోయిరి. 1922 మొదటి మాసములలో ప్రజలు ఒక్కరొక్కరుగ ఇండ్లకు మరలిరి. పురపాలకసంఘము నిలిచెను, పన్నులును నిలిచెను.

అదే కాలమున ఆ మండలముననే పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున రైతులు భూమిశిస్తు నిరాకరించిరి. 1922 ఫిబ్రవరిలో దేశమంతట సత్యాగ్రహమును నిలిపివేయుటతో ఆ పోరును ముగిసెను. ఒక్క మండలమున, ఒక్క యేడాదిలో, రెండు పన్నులపోరులు లేచి యణగెను.

చెఱనుండి విడుదలయైన గోపాలకృష్ణయ్యగారు మునుపటి యుత్సాహముతో మరల ప్రజాజీవితమున దిగిరి, స్వరాజ్యపక్షమున జేరిరి, సాధనయను పత్రికను నడపిరి. ఆంధ్రవిద్యాపీఠగోష్ఠిద్వారా కళలను, విద్యను ఉద్ధరింప యత్నించిరి. కాని దేహము సహకరింపలేదు. చేత ధనము నిలువలేదు. వేలమందిని కదలించినవారు తమకై యేమియు మిగుల్చుకొనరైరి. క్షయవ్యాధి పీడితులై దారిద్ర్యమున 1928 జూన్ 10వ తేదీన, ముప్పదితొమ్మిదేండ్ల ప్రాయమున స్వర్గస్థులైరి. బెజవాడలోని కాంగ్రెసు భవనమునకు తరువాతివారు ఆంధ్రరత్న భవనమని పేరిడి వారి స్మృతిని నిలిపిరి.

వారి మరణసమయమును గూర్చి తలంచునపుడు మా మనస్సు కలత జెందును. ఆ జూన్ మాసముననే ఘూర్జరదేశమున బార్డోలి రైతుల పోరు ముమ్మరముగ సాగుచుండెను. శిస్తును నూటికి ఇరువదిరెండు వంతులు హెచ్చించుటచే ఫిబ్రవరిలో లేచిన యా పోరు వల్లభభాయి పటేలుగారి నాయకత్వమున ఆగస్టులో జయము గాంచెను. విచారణానంతరము ఆ హెచ్చింపు నూటికి ఇంచుమించు ఆరునకు దిగెను. చీరాలలో తాము నాటిన విత్తు మఱియొక నేలయందు ఫలించుట చూడకుండగనే, రెండుమాసములు ముందుగ గోపాలకృష్ణయ్యగారు కన్నుమూసిరి.

చీరాల యేల యోడెను? బార్డోలి యేల గెలిచెను? త్యాగమున చీరాల తక్కువ కాదు. ఇల్లు విడుచుటకంటె మించిన త్యాగము బార్డోలివారును చేయలేదు. భేదము రెండువిషయములలో గలదు. పటేలుగారు తాలూకాను శిబిరములుగ విభజించి యొక్కొక్కదాని కొక్కొక్క నాయకుని నియమించిరి. ఒకరు చెఱకు బోయినను పని యాగదు. చీరాలభారమంతయు నొక్క పురుషునిపై నుండెను. ఆ పురుషుడు చెఱకు బోగానే యూరు నిలువలేకపోయెను. రెండవది యింకను ముఖ్యము. బార్డోలివారు శిస్తే వలదనలేదు. హెచ్చింపునకు ఆధారమైన లెక్కను నిష్పాక్షికముగ విచారింపుడనిరి. లెక్కను విచారింపుడన్న కోరికను ఏ ప్రభుత్వమును చిరకాలము కాదనజాలదు. చీరాలవారు పురపాలకసంఘమే వలదనిరి. ఉండుటయా, పోవుటయా యన్న వాదమున బలవంతుడే గెలుచును.

ఈ భేదము పరదేశముల చరిత్రయందును గానవచ్చును. 1773లో బోస్టనువారు తేయాకును సముద్రమున గలిపిన పేరును ధరించి, 2009లో అమెరికాయందు పన్నులకును, ప్రభుత్వవ్యయమునకును ఎదురుగ టీపార్టీయను ప్రజోద్యమము లేచెను. దాని కేకలు దేశమంతట వినబడినను, ప్రభుత్వవ్యయము మొత్తముమీద తగ్గలేదు. అప్పును పెరుగుచునే పోయెను. 1978లో కాలిఫోర్నియా ప్రజలు మాత్రము ఆస్తిపన్ను ఆస్తి విలువలో నూటికొకటికి మించరాదని యోటుమూలమున చట్టముననే వ్రాయించుకొనిరి. ఒక చోట ఆగ్రహము. మఱియొక చోట అంకె. అంకెను పట్టుకొన్నవారిదే నిలిచిన ఫలము. అయినను ఆ చట్టముచే స్థానికసంస్థల రాబడి తగ్గి పాఠశాలలకు చిక్కులు వచ్చెనని చెప్పువారునున్నారు. పన్ను తగ్గింపవలెనన్నవారు దేనిని వదులుకొందురో చెప్పవలసినదే.

ఇక మన నగరముమాట. 2007 ఏప్రిల్ 16వ తేదీన చుట్టునున్న పండ్రెండు పురపాలకసంఘములను, ఎనిమిది గ్రామపంచాయతీలను గలిపి మహానగరపాలకసంస్థ నేర్పఱచిరి. గ్రామములను పురముగను, పురములను మహానగరముగను గలుపునపుడు పన్నిచ్చువారి సమ్మతి యెంతవరకు గైకొనబడునన్న చీరాలప్రశ్న అప్పుడును లేచెను. ఆ యేడే సెప్టెంబరు 9వ తేదీన పంజగుట్టలో కట్టుచున్న పైవంతెన కూలి ప్రాణనష్టము గలిగెను. ప్రజల సొమ్ము వ్యయమగుట వేఱు, సద్వ్యయమగుట వేఱని ఆ వీథిని నడచినవారికి ఎవ్వరును బోధింప నక్కఱలేదు. అమీరుపేట అంగళ్లలో అద్దెకున్న చిన్నవర్తకుడు పన్నుచీటి తన పేర రాకున్నను అద్దెరూపమున ఆ భారమును తానే మోయుచున్నాడు. ఇంటియజమానికంటె అతనికే లెక్క యెక్కువ కావలెను.

చీరాలవారికి లేని సాధనములు మనకున్నవి. 1992 నాటి డెబ్బదినాలుగవ రాజ్యాంగ సవరణము మూడులక్షలకు మించిన జనముగల పురములలో వార్డుసంఘము లుండవలెనని శాసించినది. 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రతి పౌరునికిని లెక్కలు చూపుమని యడుగు నధికారమిచ్చినది. తన వీథికాలువకెంత, దీపములకెంత, జీతములకెంత వ్యయమైనదని పదిరూపాయల రుసుముతో నడుగవచ్చును. ఆ పదిరూపాయల పని చేయనివారికి పదివేల పన్నుపై మొఱపెట్టు నర్హత కొంచెము తక్కువేయని మేము చెప్పక తప్పదు.

పన్ను ఎగవేయువాడు గోపాలకృష్ణయ్యగారి వారసుడు కాడు. ఎగవేయువాడు దీపము వెలుగున నడచుచు నూనెడబ్బు పొరుగువానిచేత పెట్టించును. చీరాలవారు దీపమును, వీథిని, ఇంటిని గూడ విడిచి చీకటిలో గూర్చుండిరి. వలదన్నదాని ప్రయోజనమునుగూడ వలదనగల యా నిజాయితీయే వారి పోరునకు గౌరవము దెచ్చినది. ఆ నిజాయితీకి లెక్క తోడు కాలేదు. మనకు లెక్క యడుగు హక్కు వచ్చినది. నిజాయితీని మనమే సమకూర్చుకొనవలెను.

అమీరుపేట, పంజగుట్ట గృహస్థులు వార్డునకు పదిమందియైనను గూడి, ఏడాది కొకమాఱు తమ ప్రాంతపు జమాఖర్చులను తెప్పించి బహిరంగసభలో చదివింతురుగాక. పని మంచిదైన కొనియాడుడు. దుబారాయైన పేరుపెట్టి యడుగుడు. పన్ను న్యాయమైన గడువులోపల చెల్లింపుడు. పాకలలో తడిసిన నూలును, ఆరిన పొయ్యిని చూచుకొనుచు పదునొకండు మాసములు నిలిచిన నేతగాండ్రకును, వారిని నడిపి ముప్పదితొమ్మిదేండ్లకే రాలిపోయిన ఆంధ్రరత్నమునకును మనము చెల్లింపవలసిన బాకీ యిది. ఈ బాకీకి ఎవ్వరును రాయితీ యీయజాలరు.